రుమాలు కింద చెయ్యి

ఆదిలాబాద్,
10 నవంబరు 1957

కొమురక్కకు,

ఉత్తరంలో ముందు నమస్కారం, తర్వాత క్షేమం, ఆ తర్వాతే విషయం రావాలని మా తెలుగు సారు చెప్పారు. నాకు విషయం ఆగడం లేదు. నమస్కారం చివర్లో పెడతాను, మరిచిపోతే నువ్వే తీసేసుకో.

సారు మా పదో తరగతికి ఒక వ్యాసం ఇచ్చారు. పేరు 'మా పట్నం'. పుస్తకంలో చూసి రాసినవాడికి సున్నా, కాళ్లతో తిరిగి రాసినవాడికి మార్కులు అన్నారు. క్లాసంతా మూలిగింది. నేను మాత్రం ఆ సాయంత్రమే చెప్పులు వేసుకుని బయలుదేరాను.

కొండగట్టు కింద పుట్టిన మనకు పట్నమంటే కరీంనగరే కదా. అక్కడ వడ్లు, మక్కలు, వెండి తీగతో పూలు అల్లే అవుసలోళ్లు. ఇక్కడ ఊరందరి నోటా ఒకటే మాట, పత్తి. దీపావళి దాటినప్పటినుంచి ఉట్నూరు దారిన, బేల దారిన, పెన్‌గంగ అవతలినుంచి బండ్లు దిగుతూనే ఉన్నాయి. గింజ తీసే మిల్లులు పొద్దంతా రొద పెడతాయి. దూది నూగు తంతి తీగల మీద, వేపకొమ్మల మీద, సేట్ల మీసాల మీద వాలుతుంది. నిన్న చాయ్ దుకాణంలో మీగడ అనుకుని వేలితో తీసి నోట్లో వేసుకున్నాను. దూది! దుకాణం దేవదాస్ పడీపడీ నవ్వాడు.

ఒకే బేరంలో నాలుగు భాషలు వినబడతాయి. రైతు గోండిలో మొదలుపెడతాడు, సేటు మరాఠీలో కసురుతాడు, హమాలీ ఉర్దూలో నవ్వుతాడు, చివరికి తెలుగులో తెగుతుంది. తెగింది అన్నాను కానీ, ఎంతకు తెగిందో ఎవరికీ వినబడదు. అదే నాకు అన్నిటికన్నా వింతగా తోచింది. బాపు పోయినప్పుడు "వీన్ని నేను సదివిస్త" అని నన్ను వెంట తెచ్చుకున్న మన రాజం మామే, రైతుల పత్తి అమ్మిపెట్టే దలాలిగా, పత్తి బజారు గంజ్‌లో ఇంకో మనిషి. తలకు చుట్టిన రుమాలు విప్పి చేతి మీద పరుస్తాడు. కొనే సేటు కింది నుంచి చెయ్యి పెడతాడు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, గుప్పిట మొత్తం పట్టుకుంటే అయిదు. ఇద్దరూ ఆకాశంలోకి చూస్తూ ఉంటారు. గుడ్డ కింద ధర నడుస్తుంది. పక్కన నిలబడ్డ రైతు ఆ గుడ్డ కదలికను చూస్తూ గుటకలు మింగుతాడు.

ఈ దృశ్యానికి తగిన మాట కోసం మూడు రోజులుగా వెతుకుతున్నాను. దొరకగానే రాస్తాను. మీ పత్తి ఎట్లా ఉంది? బావ మొదటి బండితో వచ్చిన రోజు నేను బడిలో ఉన్నాను, కలవలేకపోయాను.

నమస్కారాలు.

తమ్ముడు
హనుమండ్లు

జైనూర్,
కార్తీకం పోతున్నది

తమ్మీ హనుమండ్లూ,

నీ తెలుగు గుడిల పంతులు చదివినట్టున్నది. నేను మాట్లాడినట్టే రాస్త. బాపు పలక మీద నేర్పిన అక్షరాలు గింతవరకే వచ్చినయ్.

నువ్వు రుమాలు సంగతి రాసినవ్ గద. మంచిగ రాసినవ్. నువ్వు నవ్వుకుంట రాసినవ్, నేను చదువుకుంట పండ్లు కొరికిన. గా రుమాలు కిందనే మన ఇల్లు మునుగుతున్నదని నాకు అనుమానం.

మీ బావ మొదటి బండి తీస్కపోయి వచ్చిండు. "ధర పడిపోయిందట, మామ చెప్పిండు" అన్నడు. గంతే. మా పక్క చేను యాదవ్వ వాళ్ల బండి గూడ గదే దినం గదే గంజ్‌కు పోయింది. వాళ్లు వేరే దలాలికి ఇచ్చిన్రు. వాళ్లకు మంచి ధర పడ్డది. ఒక్క గాలి, ఒక్క నల్లరేగడి, నడుమ గట్టు ఒక్కటే. వాళ్లకు పడిపోని ధర మనకెట్ల పడిపోతది? పోయిన ఏడు, మేం మొదటిసారి పత్తి పెట్టినప్పుడు గూడ గిట్లనే అయింది. అప్పుడు ఊకున్న.

పనిల తక్కువ చేసిన్నా అంటే అదిగాదు. ఇక్కడోళ్లు పొద్దు బారెడెక్కినంక గాని చేన్ల అడుగు పెట్టరు, గంత బద్దకపోళ్లు. నేను తెల్లారంగనే ఒడి కట్టుకొని దిగుత, ఇద్దరు కూలోళ్లను దింపుత. వాళ్లు వచ్చేసరికి మాది సగం చేను ఏరుడైపోతది, ఇంట్ల గోనె బోరాలకు ఎత్తుడు గూడ అయిపోతది. యాదవ్వ నన్ను చూసి నవ్వుతది. నవ్వనీ.

నీకు ఒక పని చెప్త. నువ్వు వ్యాసం అని తిరుగుతున్నవ్ గద, గా తిరుగుడుల మామ మీద ఒక కన్నెయ్. మన పత్తి అమ్మేటప్పుడు రుమాలు కింద ఎంత తెగుతున్నదో, మాకు ఎంత చెప్తున్నడో చూడు. మామ మనను ముంచుతున్నడని తేలితే, నువ్వా ఇంట్ల ఒక్క ముద్ద తినొద్దు. చదువు ఆగినా సరే, మూట కట్టుకొని వచ్చెయ్. కన్న అవ్వ తరఫున మనకున్నది గా ఒక్క మనిషే. గా ఒక్కడు గూడ గట్లయితే ఇంకెవ్వరున్నరు మనకు?

మీ బావకు ఈ సంగతి తెల్వది. ఆయనకు అక్షరం రాదు గనుక నేనేం రాస్తున్ననో అడుగడు.

మీ అక్క
కొమురవ్వ

ఆదిలాబాద్,
1 డిసెంబరు 1957

అక్కా,

నీ ఉత్తరం చదివిన తర్వాత పట్నం రంగు మారిపోయింది. అవే బండ్లు, అదే రొద. కానీ ఇప్పుడు ఎవరు ఎవరి చెవిలో మాట్లాడినా నా అడుగు ఆగిపోతున్నది.

తమాషా ఏమిటంటే, నేను అందరినీ అనుమానంగా చూస్తుంటే అందరూ నన్ను అట్లాగే చూస్తున్నారట. మొన్న ఒక పప్పుల వర్తకుణ్ణి "ఏడాదికి ఎంత సరుకు బయటికి పోతుంది?" అని వ్యాసం కోసం అడిగాను. ఆయన గద్దె దిగి వచ్చి, నాకు నిమ్మకాయ షర్బత్ ఇప్పించి, "మాదేముంది బాబూ, సున్నా దుకాణం" అన్నాడు. దేవదాస్ తర్వాత చెప్పాడు. "నిన్ను అమ్మకం పన్నోళ్ల మనిషనుకుంటున్నరు తమ్మీ. నీకు షర్బత్ పోస్తున్నరు గద, ఊకె తాగు. నాకు గూడ ఒకటి తే."

మామ సంగతి. నాకు రాయడానికి మనసొప్పడం లేదు. రాయకపోతే నీకు ద్రోహం.

రాత్రి అన్నం దగ్గర మామూలుగా అడిగినట్టు అడిగాను. "మామా, మొన్న మా అక్క పత్తి ఎట్ల పోయింది?" మామ ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపాడు. "పోయింది" అన్నాడు. "ధర ఎందుకు పడిపోయింది?" అన్నాను. మామ చేతులు కడుక్కోవడానికి లేచాడు, కంచంలో సగం అన్నం అట్లాగే ఉంది. కిష్టవ్వ అత్త నా కంచంలో చారు పోస్తూ "గవన్ని నీకెందుకు అల్లుడా, పరీచ్చలున్నయి గద" అన్నది. నవ్వుతూనే అన్నది. ఆ నవ్వు మూతి దగ్గరే ఆగిపోయింది.

పొద్దున నేను బావి దగ్గర ఉన్నానని అనుకున్నారేమో, వసారాలో మామ గొంతు వినబడింది. "పిలగాని చెవుల పడొద్దు. పడితే కొమురికి పోతది." అత్త ఏమన్నదో వినబడలేదు.

అక్కా, ఈ ఇంట్లోనే కదా నేను జ్వరంతో పడుకుంటే మామ నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు? ఆ మామా ఈ మామా ఒకరేనా? ఏ మాట వెతికినా ఇద్దరికీ సరిపోవడం లేదు.

వ్యాసం నాలుగు పుటలయింది. అందులో రుమాలు గురించి ఇంతకుముందు రాసినదంతా కొట్టేశాను.

హనుమండ్లు

జైనూర్,
మార్గశిరం

తమ్మీ,

కొమురికి పోతది అన్నడా? అయితే నేననుకున్నదే.

రెండో బండి రేపు బయలెల్తది. మీ బావే తోలుకొస్తుండు. ఈసారి బడి ఎగ్గొట్టి గంజ్‌ల ఉండు. సారుకు వ్యాసం కోసమని చెప్పు, అబద్దమేం గాదు. ఎట్లన్న చేసి గా రుమాలు కింద ఏం నడుస్తున్నదో చూడు. ఎట్ల చూస్తవో నాకు తెల్వది. తెలివి నీకున్నది.

మీ బావను నమ్ముకుంటే ఏం గాదు. మామ ముంగట ఆయన నోరిప్పడు. బండి పక్కన తలకాయ వంచుకొని నిలబడుడే. నేను ఒక్కటే అంటున్న, ఈసారి గూడ "ధర పడిపోయింది" అన్న మాట నా ఇంటికి రావద్దు.

కొమురవ్వ

ఆదిలాబాద్,
19 డిసెంబరు 1957

అక్కా,

చూశాను. చూసినదంతా రాస్తాను. మధ్యలో ఆపకుండా చదువు.

మంగళవారం పొద్దున బావ బండి గంజ్‌లోకి వచ్చింది. బావ నన్ను చూసి "సదువు మంచిగున్నదా?" అని మాత్రం అన్నాడు. మామ వచ్చి రెండు బోరాల మూతి విప్పాడు, లోపలికి మోచేతిదాకా చెయ్యి పెట్టాడు. బావ ముఖం వైపు చూడకుండానే మామ ముందుకు నడిచాడు. నువ్వు రాసినట్టే బావ తల వంచుకుని నిలబడ్డాడు.

ఒక మిల్లు సేటు వచ్చాడు. మామ తల మీది రుమాలు తీసి పరిచాడు. ఇద్దరి చేతులూ కిందికి పోయాయి. చాలాసేపు పట్టింది. సేటు మధ్యలో ఒకసారి నవ్వి తల అడ్డంగా ఊపాడు. మామ గుడ్డ కిందనే ఏదో బతిమాలుతున్నట్టు నాకు అనిపించింది. ఎవరికోసం బతిమాలుతున్నాడు? ఆ ప్రశ్న బుర్రలో తిరుగుతుండగానే నా చెయ్యి ముందుకు పోయింది. రుమాలు అంచు పట్టుకుని లాగేశాను.

అక్కా, పక్క బేరాలు ఆపి అందరూ మా వైపు తిరిగారు. ఆ గుడ్డ లాగడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలియదు. నలుగురిలో ఒకరి ఒంటి మీది బట్ట లాగినంత పని అని తర్వాత తెలిసింది.

కింద ఏముందో చెప్తాను. సేటు మామ వేళ్లు రెండు పట్టుకున్నాడు. మామ తన ఇంకో చెయ్యి కూడా కిందికి తెచ్చి సేటు చేతిని తన గుప్పిట మొత్తం మీద మూయబోతున్నాడు. వేళ్ల లెక్క నాకు వచ్చు. మామ మనకోసం ఎక్కువ అడుగుతున్నాడు. సేటు ఇవ్వనంటున్నాడు. అంతే.

సేటు చెయ్యి దులుపుకున్నాడు. "కాయ్ రాజంభావు! నీ ఇంటి పోరనికే నీ మీద భరోసా లేకపాయె, మాకెట్ల ఉండాలె?" అన్నాడు. చుట్టూ నవ్వులు. నేను "ధర ఎందుకు తక్కువిస్తున్నరు మరి?" అన్నాను. సేటు బోరం నడుమ నుంచి ఇంత పత్తి లాగి, గింజ తీసి నా అరచేతిలో పెట్టాడు. "కొరుకు" అన్నాడు. కొరికాను. ఎండిన గింజ టక్కుమని పగలాలట. అది నానిన శనగలాగా పళ్ల కింద మెత్తగా అణిగింది. "పైన ఎండి, నడుమ పచ్చి. లోపల చెయ్యి పెడితే ఉడుకు. రెండేండ్ల సంది గిట్లనే వస్తున్నది. తూకం కోసం నీళ్లు చల్లే రైతులను మస్తుగ చూసిన" అని బావ వైపు తిరిగాడు. "ఏం పటేలా, వాగు కాడ బండి కడిగినవా, పత్తి కడిగినవా?"

బావ కాదని అనలేదు. తల ఇంకా కిందికి వంచుకున్నాడు.

ఇంటికి వచ్చాక మామ నన్ను తిడతాడని ఎదురుచూశాను. తిట్టలేదు. వసారాలో కూర్చుని అన్నాడు. "మొదటి ఏడే గింజ కొరికి చూసిన. మీ బావ నీళ్లు కొడుతుండని ఎరుకైంది. ఆడిపిల్లకు నీ మొగడు దొంగ అని ఎట్ల చెప్పాలె? ధర పడిపోయిందని చెప్పిన. రెండేండ్లు నోరు మూసుకున్న. నువ్వు ఒక్కపాలి గుడ్డ గుంజి అందరి ముంగట తీసి పెట్టినవ్ గద అల్లుడా."

ఇప్పుడు నేను నిన్ను అడగాలి. క్షమించు. పత్తి ఇంట్లో ఉన్నప్పుడు బావ దాని దగ్గరికి ఒక్కడే పోతాడా? దారిలో వాగుల దగ్గర బండి ఆపుతాడా? బావ నీళ్లు చల్లుతున్నాడా అక్కా?

హనుమండ్లు

జైనూర్,
పుష్యం మొదట

హనుమండ్లూ,

నేను మామను చూడుమన్న. నా మొగని మీద పుల్లలు పెట్టుమనలే.

నువ్వు తినేది ఆ ఇంటి బువ్వ. ఆ ఇంటి మాటే నీ నోటికొచ్చింది. పచ్చి గింజ ఒకటి చేతుల పెట్టి ఆట ఆడించిన్రు, నువ్వు నమ్మినవ్. గంత చదువు చదివినోనివి, గా గింజ సేటు జేబులకెల్లి రాలేదని నీకెట్ల ఎరుక?

ఇంక రాయకు.

కొమురవ్వ

ఆదిలాబాద్,
6 జనవరి 1958

అక్కా,

రాయవద్దన్నావు. రాస్తున్నాను. చదవకపోయినా పొయ్యిలో మాత్రం పెట్టకు.

గింజ సేటు జేబులోది కాదు. ఆ తర్వాత నేనే బోరం అడుగునుంచి పిడికెడు తీసి కొరికాను. నాలుగు కొరికితే మూడు మెత్తగా ఉన్నాయి.

మామ గంజ్‌కు పోతున్నాడు, వస్తున్నాడు. కానీ రుమాలు పరిస్తే కింద చెయ్యి పెట్టేవాళ్లు తగ్గిపోయారు. "నోటితోనే చెప్పు రాజంభావు, మన నడుమ గుడ్డెందుకు ఇంక?" అంటున్నారట. ఆ మాట మామ ఇంట్లో నవ్వుతూ చెప్పాడు. అత్త నవ్వలేదు. ఇరవై ఏళ్లుగా ఆయన సంపాదించింది పొలమూ కాదు, మేడా కాదు, ఆ గుడ్డ కింద ఆయన వేలు పట్టుకుంటే మాట తప్పడన్న నమ్మకం. దాన్ని నేను రెండు వేళ్లతో లాగి పడేశాను.

ఇల్లు విడిచి పోతానని మూట కట్టుకున్నాను. మామ గుమ్మంలో అడ్డంగా కూర్చుని "పరీచ్చ రాసినంక పో. గప్పుడు నేనే బండి కట్టిచ్చి పంపుత" అన్నాడు.

ఇప్పుడు అసలు మాట. మిల్లుల వాళ్లు ఒకటి తేల్చి చెప్పారట. మీ మూడో బండి కూడా తడిగా వస్తే, ఇక మామ పేరు మీద వచ్చే ఏ రైతు బండినీ చూడరట. గంజ్‌లో మామకు చోటుండదు. అందుకని ఆ బండి కదిలేలోగా తేల్చు అక్కా. ఎవరిది తప్పో నాకు వద్దు, తడి ఎక్కడినుంచి వస్తున్నదో తేల్చు.

వ్యాసం గడువు దాటిపోయింది. సారు అడిగితే పట్నం నాకింకా అర్థం కాలేదని చెప్పాను.

హనుమండ్లు

జైనూర్,
పుష్య పున్నమి దాటింది

తమ్మీ,

నీ ఉత్తరం పొయ్యిల పెట్టలే.

గంజ్‌ల గంత జరిగింది గద, మీ బావ ఇంటికొచ్చి ఒక్క ముక్క చెప్పలే. "ధర గంతే" అన్నడు. నువ్వు రాయకపోతే నాకు ఇయ్యాల్టికి తెల్వకపోవు. కప్పిపెట్టుకునేది లేకపోతే కప్పిపెట్టుడెందుకు? గా పురుగు నా తలకాయల జొచ్చింది. ఇంక నిద్ర లేదు.

అప్పటిసంది ఆయన మీద కన్నేసి ఉన్న. సిగ్గు అయితున్నది రాయాలంటే. పెండ్లయి ఏడేండ్లు, ఆయన అడుగుల చప్పుడు లెక్కబెట్టేదాన్నిగాదు.

మొన్న మునిమాపుల నీళ్ల కుండ ఎత్తుకొని కొట్టం దిక్కు పోయిండు. పత్తి బోరాలు గా కొట్టం పక్క అర్రలనే ఉన్నయ్. నేను దొడ్డి గోడ చాటున నిలబడ్డ. వచ్చేటప్పుడు కుండ ఖాళీ. "ఎడ్లకా?" అన్న. "ఊ" అన్నడు. ఎడ్లు గప్పటికే వాగుల తాగి వచ్చినయ్, నేను చూసిన. అబద్దమాడిండు తమ్మీ. నా మొకం చూడకుండ అబద్దమాడిండు.

నిన్న అర్రకు తాళం ఏసిన. "తాళమెందుకు?" అన్నడు. "కుక్కలు జొస్తున్నయ్" అన్న. నేను గూడ అబద్దమాడిన.

ఇద్దరం ఒక్క ఇంట్ల ఉన్నం. ఆయన అన్నం ఆయన తింటడు, నాది నేను తింట. మా బాలమల్లు నాలుగేండ్ల పోరడు, వానికి గూడ ఎరుకైతున్నది. "అవ్వా, బాపు ఏం జేసిండే?" అన్నడు.

మామకు చెప్పు, నేను ఆయనను అనుమానపడ్డ. ఇంకా క్షమించుమని అడుగుతలేను. ఇక్కడ తేలినంక అడుగుత.

కొమురవ్వ

జైనూర్,
మాఘం, బండి కట్టే రోజు

తమ్మీ,

నీ జవాబు రాకముందే మళ్ల రాస్తున్న. ఈ ఉత్తరం మీ బావ చేతికే ఇచ్చి పంపుతున్న, బండితోటే వస్తది.

నాలుగు రోజుల కింద కడుపుల పట్టక ముంగటనే అడిగిన. "పత్తి మీద నీళ్లు పోస్తున్నది నువ్వేనా?" అన్న. ఆయన నా దిక్కు చూసిండు. ఎద్దును కొడితే చూసినట్టు చూసిండు. "బండి గిర్రలకు పోసిన. చలికి కట్టె ఎండి ఇనుప పట్టా ఊడొస్తున్నది, తడిపితే బిగుస్తది. ఎడ్లకు అంటే నువ్వు ఊకుంటవని ఊ అన్న" అన్నడు. గంతే, లేచి చేనుకు పోయిండు. నేను ఏడ్చుకుంట పండుకున్న. నిద్ర పట్టేసరికి తెల్లారింది, లేచేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. పెండ్లయినంక గంత పొద్దెక్కి లేచుడు అదే మొదలు.

గా మిట్టమధ్యాహ్నం ఒడి కట్టుకొని చేన్ల దిగిన. ఏరుతున్న, ఏరుతున్న, ఒడి నిండింది, నాకు బరువే తెలుస్తలేదు. చెయ్యి పెట్టి చూస్తే ఉత్త గాలి. నా చీర కుచ్చిళ్లు పొడిగున్నయ్. రోజు ఒడి నిండేసరికి నేను నడుము దాకా తడిసి వణుకుకుంట ఇంటికి పోయేదాన్ని గద అని అప్పుడు తలకాయల తగిలింది. నడి చేన్ల గట్లనే కూసున్న.

మంచు తమ్మీ. మంచు మీద ఏరుతున్న నేను.

మన కొండగట్టు కింద అవ్వ పెసర్లు మంచు మీదనే కోపిచ్చేది, యాదికుందా? ఎండెక్కితే కాయ పగిలి గింజ రాలిపోతదని. నువ్వులు గూడ గట్లనే. నేను గదే చేతితోటి ఇక్కడ పత్తి ఏరిన. మంచుల నానిన పత్తిని నానినట్టే బోరాలకు ఎత్తి తొక్కిన. పైది ఆరేది, నడుమది మూడు రోజుల తొవ్వల ఉడుకెక్కేది. ఇక్కడోళ్లు బద్దకపోళ్లని నవ్విన గని, పత్తి ఎట్ల ఏరాలని యాదవ్వను ఒక్క మాట అడిగితే నా నోరేం పోవు?

మీ బావను చేన్లకు పిలిచి చెప్పిన. ఆయన గట్టు మీద కూసుండు. గప్పుడు అన్నడు.

"నేను నువ్వు తడుపుతున్నవనుకున్న."

"ఎవరు, నేనా?"

"పోయిన ఏడే అనుకున్న. రూపాయి ఎక్కువొస్తదని ఇంట్ల చల్లుతున్నవని. గంజ్‌ల సేటు అడిగితే ఏం చెప్పాలె? నా పెండ్లాం తడిపిందని నలుగుర్ల చెప్పాల్నా? నేనే తడిపిననుకోనీ అని తలకాయ వంచుకున్న."

తమ్మీ, నేను నవ్వాల్నా ఏడ్వాల్నా తెల్వలే. మామ నాకు చెప్పలే, ఈయన నాకు చెప్పలే, నేను ఈయనకు చెప్పలే. అందరం ఒకరినొకరు కాపాడుకుంటున్నమనుకొని ఒకరినొకరు దొంగలను చేసుకున్నం.

ఈ బండిల పత్తంత బోరాలు విప్పి వాకిట్ల సాపల మీద ఆరబోసి ఎత్తినం. ఆయనే దగ్గరుండి ఎత్తిండు. మామకు నా దండాలు చెప్పు. కాళ్లు పట్టుకునేది నేనొచ్చి పట్టుకుంట, నువ్వు పట్టుకోకు.

ఇంకొకటి ఉన్నది. గదే గట్టిది. నిన్న మీ బావ అడిగిండు. "తమ్మునికి నా మీద ఏం రాసినవ్?" ఏం లేదన్న. "ఏం లేకపోతే గన్ని కాయితాలెందుకు?" అన్నడు. కోపంగ అనలే. "నేను నీ మీద అనుకున్నది చెప్పిన. నువ్వు నా మీద అనుకున్నది గూడ నేను వినాలె. అన్నీ తెప్పియ్, చదివి చెప్పు. నడుమ వదిలిపెడితే నాకు తెల్వది, నాకు అక్షరం రాదు. గందుకే నిన్ను నమ్మి అడుగుతున్న."

నా ఉత్తరాలన్నీ ఆయన చేతికే ఇచ్చి పంపు.

కొమురవ్వ

ఆదిలాబాద్,
2 ఫిబ్రవరి 1958

అక్కా,

బావ వసారాలో మామ పక్కన కూర్చుని చాయ్ తాగుతున్నాడు. బండి కట్టేలోగా ఇది ముగించాలి.

నీ ఉత్తరం మామకు చదివి వినిపించాను. మామ లేచి గంజ్‌కు పోయి, బండి పక్కన నిలబడ్డ బావ భుజం మీద అందరూ చూస్తుండగా చెయ్యి వేశాడు. "లచ్చయ్యా, రెండేండ్లు నీ మొకం చూడక మాట్లాడిన. ఒక్కనాడు అడుగకపోతి" అన్నాడు. బావ "నేను గూడ చెప్పలే గద మామా" అన్నాడు. ఆ రోజంతా మామ బావను వెంటబెట్టుకుని తిరిగాడు. దేవదాస్ ఇద్దరికీ చాయ్ పోసి డబ్బులు తీసుకోలేదు, నాకు పోసి మాత్రం తీసుకున్నాడు. పత్తి మంచి ధరకే పోయింది. ఎంతకన్నది నేను రాయను. బావను అడుగు, చెప్తాడు. మామ వేళ్లు పట్టుకోవడానికి మునుపటి సేట్లందరూ ఇంకా రావడం లేదు. ఇద్దరు వచ్చారు. మిగతా వాళ్లు వస్తారో రారో నాకు తెలియదు. మామ రేపు కూడా పోతాడు.

నీ ఉత్తరాలన్నీ ఈ సంచిలో ఉన్నాయి. ఒక్కటి కూడా తీయలేదు. నీళ్ల కుండ సంగతి రాసినదాన్ని తీసేద్దామని చేతిలో పట్టుకుని కూర్చున్నాను, మళ్లీ లోపలే పెట్టాను. నావి నీ దగ్గరున్నాయి కదా, వాటినీ కలిపి వరసగా చదువు. నీకంటే ముందు బావను దొంగను చేసింది నేను. ఆ ముక్క దగ్గర గొంతు తగ్గించకు.

చదువుతుంటే బావ లేచి వాకిట్లోకి పోవచ్చు. ఆపకు. వాకిలిదాకా వినబడేట్టు చదువు.

తమ్ముడు
హనుమండ్లు